ఇల్లు కొనే విద్య – 6వ పాఠం: బెట్టు చేసే ఓనరుతో బేరం

పోయిన పాఠంలో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చదవడం నేర్చుకున్నాం. స్థలానిదీ ఫ్లాటుదీ ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లతో, అంటే ఆ ఆస్తి ఇదివరకు చేతులు మారినప్పటి దస్తావేజులతో, పోల్చి చూడమన్నాను. అది పూర్తి చేయనివాళ్లు ఈ పాఠాన్ని కాసేపు పక్కన పెట్టండి. ఇవాళ్టి పాఠం ఎదురుగా కూర్చునే మనిషి గురించి. కాగితాల సంగతి తేలకుండా మనిషి సంగతి తేలదు.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. కూకట్‌పల్లిలో పన్నెండేళ్ల నాటి అపార్ట్‌మెంటు, డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, 72 లక్షలకు మాటయింది. ఓనరు రిటైరైన పెద్దమనిషి. వారం తిరక్కుండా 75 అన్నాడు. ఒరిజినల్స్ చూపించమంటే "జిరాక్సులు ఇచ్చాం కదా, మామీద నమ్మకం లేదా?" అన్నాడు. రిజిస్ట్రేషన్ గవర్నమెంటు విలువకే చేసి, మిగతాది క్యాష్ ఇమ్మన్నాడు. ఈలోగా ఏజెంటు "వేరే పార్టీ రెడీగా ఉంది సార్" అంటూ రోజూ ఫోన్. ఇంట్లో అందరికీ టెన్షన్.

ఇక్కడ చాలామంది రెండే పనులు చేస్తారు: గొడవపడి లేచి వచ్చేస్తారు, లేదా అన్నిటికీ తలూపి అడ్వాన్సు ఇచ్చేస్తారు. ఆ రెండూ చేయకముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. బెట్టు మనిషిలో ఉందా, కాగితంలో ఉందా? నోరు పెద్దదై, పైసా తగ్గకపోయినా ఒరిజినల్స్ టేబుల్ మీద పెట్టే ఓనరుతో నిశ్చింతగా బేరం నడపొచ్చు. కాఫీ ఇచ్చి, "మీరు మా అబ్బాయి లాంటివారు" అంటూనే ఒక్క డాక్యుమెంటు కూడా చూపించని ఓనరే ప్రమాదం. మన జనం మొదటివాడికి భయపడి రెండోవాడి దగ్గర చిక్కుకుంటారు.

కారణం తెలుసుకోవడంతో మొదలుపెట్టండి. "ఎందుకు అమ్ముతున్నారు?" అని సూటిగా అడిగితే ఎవరూ సూటిగా చెప్పరు. "అమ్మాక ఎక్కడుందామనుకుంటున్నారండీ?" అని అడగండి. కూతురి దగ్గరికి వెళ్తున్నాడా, ఇంకో ఇల్లు చూసుకున్నాడా, అప్పులు తీర్చాలా అన్నది ఆ జవాబులో బయటపడుతుంది. వాచ్‌మన్‌తో, అసోసియేషన్ సెక్రటరీతో ఒక మాట కలిపితే మిగతాదీ తెలుస్తుంది. మెయింటెనెన్స్ బకాయి ఎంత, ఇంతకుముందు ఎవరైనా అడ్వాన్సు ఇచ్చి వెనక్కి తీసుకున్నారా అన్న రెండు ప్రశ్నలూ అక్కడే అడగాలి.

ధర మారడం గురించి ఎక్కువ చెప్పను. కాగితం లేని మాట మారుతుంది, అంతే. "75 అన్నారంటే ఏదో కారణం ఉంటుంది, చెప్పండి సార్" అని ఊరుకోండి. చాలాసార్లు పక్క ఫ్లాటు ఎంతకో పోయిందని ఎవరో చెప్పి ఉంటారు. రూపాయి పెంచేముందు రూపాయి కానివి ఇవ్వజూపండి: ఖాళీ చేయడానికి ఇంకో నెల టైము, వాళ్లకు నచ్చిన ముహూర్తానికి రిజిస్ట్రేషన్, ఊయల బల్ల వాళ్లే తీసుకెళ్లడం లాంటివి. పెద్దవాళ్లకు ఇవి లక్ష రూపాయల కన్నా ఎక్కువగా కనిపించిన సందర్భాలున్నాయి.

ఇక క్యాష్ సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, అసలు చిక్కు ఇక్కడే.

ఓనరు బ్లాక్ అడుగుతున్నాడంటే చాలావరకు క్యాపిటల్ గెయిన్స్ ట్యాక్సు (ఆస్తి అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను) భయం. ఆ భయంతో వాదించకండి, దానికి మందు చూపించండి. ఆయన ఇంకో ఇల్లు కొనుక్కునే ఆలోచనలో ఉంటే, ఈ అమ్మకం మీద వచ్చిన దీర్ఘకాలిక లాభాన్ని గడువులోగా ఆ ఇంట్లో పెడితే పన్ను మినహాయింపు వస్తుంది. కొనడానికైతే రెండేళ్లు, కట్టించడానికైతే మూడేళ్లు గడువు. "ఒకసారి మీ ఆడిటర్ గారిని అడగండి సార్, కావాలంటే నేనూ వస్తాను" అనండి. ఫలానా తేదీకి ఆడిటర్ దగ్గరికి వెళ్దామనగానే బిగింపు వదలడం ఈ వ్యవహారాల్లో మామూలే.

అప్పటికీ వినకపోతే చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. స్థిరాస్తి అమ్మకం కింద 20 వేలు, అంతకు మించి అడ్వాన్సుగా క్యాష్ తీసుకోకూడదన్న నిబంధన 2015 జూన్ 1 నుంచి ఉంది. తప్పితే పెనాల్టీ తీసుకున్న మొత్తానికి సమానం, అదీ తీసుకున్నవాడి మీదే. ఈ మాట బెదిరింపులా కాక, ఆయన మేలు కోరి చెబుతున్నట్టు చెప్పాలి: "పెనాల్టీ పడితే మీకే పడుతుందండీ, రిటైరయ్యాక మీకెందుకీ తలనొప్పి?" మీ వైపు నష్టాలు మీకు తెలిసే ఉండాలి. బేరం చెడితే క్యాష్ ఇచ్చినట్టు రుజువుండదు. రేపు మీరు అమ్మేటప్పుడు కొన్న ధర తక్కువగా కనబడి, ఆయన తప్పించుకున్న పన్ను మీ నెత్తిన పడుతుంది.

ఇదే ఊపులో టీడీఎస్ కూడా ముందే చెప్పేయండి. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవాడు 1 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. మన ఉదాహరణలో 72,000. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ టైముకు "ఇదేంటి, తక్కువిచ్చారు?" అని గొడవ లేస్తే సంతకం ఆగిపోతుంది. ఆ డబ్బు ఆయన పాన్ కింద కట్టిన పన్నుగానే కనిపిస్తుందని ముందే వివరిస్తే సరి. ఓనరు ఎన్నారై అయితే లెక్క పూర్తిగా వేరు, కోత చాలా ఎక్కువ. దానికి విడిగా పాఠం ఉంటుంది.

ఒరిజినల్స్ చూపించనివాడితో మాత్రం మొహమాటం వద్దు. చూపించడం ఆయన మీకు చేసే ఉపకారం కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు అడిగితే తన దగ్గరున్న హక్కు పత్రాలు చూపించడం, వాటి గురించి అడిగినవాటికి తెలిసినంత జవాబు చెప్పడం అమ్మేవాడి బాధ్యత. అమ్మకం తేదీ వరకు ఉన్న పన్ను బకాయిలూ ఆయనవే.

"లోన్ పోయినేడాదే తీర్చేశాను, బ్యాంకువాళ్లు ఇంకా కాగితాలివ్వలేదు" అని ఓనరు అనవచ్చు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలనీ, తమవల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం ఇవ్వాలనీ రిజర్వ్ బ్యాంకు ఆదేశం 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. కాబట్టి ఏడాదిగా బ్యాంకు దగ్గరే ఉన్నాయంటే అనుమానించాల్సిందే. అప్పు తీరలేదేమో, లేక కాగితాలు ఇంకెక్కడో తాకట్టులో ఉన్నాయేమో. వడ్డీ వ్యాపారి దగ్గర ఊరికే పెట్టిన డాక్యుమెంటు ఈసీలో కనబడకపోవచ్చు. అప్పు ఇంకా ఉందని నిజం చెబితే అది పెద్ద సమస్యేం కాదు. బ్యాంకు నుంచి బాకీ ఎంతో లెటర్ తెప్పించి, అంత మొత్తానికి చెక్కు నేరుగా ఆ లోన్ ఖాతాకే ఇస్తారు.

వారసత్వంగా వచ్చిన ఇల్లయితే అక్కచెల్లెళ్ల సంతకాలు అడగండి. "కట్నం ఇచ్చి పంపేశాం, వాళ్లకేం హక్కు?" అంటే ఒప్పుకోవద్దు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో దేశమంతటా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనైతే పెళ్లికాని కూతుళ్లకు 1986 చట్టంతోనే ఇచ్చారు. ఇక్కడ ఓనరుకు కోపం రావడం సహజం. అది ఆయన ఇంటి గొడవ, మధ్యలో తీర్పు చెప్పబోకండి. "మా లాయరు గారు సంతకాలు లేకపోతే వద్దంటున్నారండీ" అని నెపం లాయరు మీదకి తోసేయండి. ఫీజు ఇస్తున్నాం కదా, ఆ మాత్రం మోయాలి.

సాగదీసేవాళ్ల రకం వేరు. ఆషాఢమంటారు, తర్వాత మూఢమంటారు, అమెరికా నుంచి అబ్బాయి రావాలంటారు. మూఢంలో రిజిస్ట్రేషన్ వద్దంటే గౌరవించండి, ఏ రోజుకి ముగుస్తుందో పంచాంగం చూసి ఆ తర్వాతి తేదీని అగ్రిమెంటులో రాయించండి. ఆచారానికి ఆగుతున్నవాడు రాయిస్తాడు, సాకు వెతుకుతున్నవాడు నసుగుతాడు. తేదీ రాయించడానికి ఇంకో కారణమూ ఉంది. ఓనరు మొండికేస్తే కోర్టులో దావాకి మూడేళ్ల గడువు ఆ తేదీ నుంచే లెక్క. అప్పుడు కొనేవాడు మొదటినుంచీ సిద్ధంగా ఉన్నట్టు రుజువు చేసుకోవాలి. అందుకే లోన్ శాంక్షన్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంటు, "ఫలానా తేదీకి డబ్బు సిద్ధంగా ఉంది" అని పంపిన మెసేజీలు దాచుకోండి. కోర్టుకు వెళ్లాలని కాదు, అది ఏళ్ల తరబడి నడిచే పని. ఇవి మీ దగ్గరున్నాయని తెలిస్తే అవతలివాళ్లు వెళ్లనివ్వరు.

మన రెండు రాష్ట్రాల్లో అగ్రిమెంటు కూడా రిజిస్టర్ చేయించాలని రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన 1999 సవరణ నుంచి నిబంధన ఉంది. ఖర్చని చాలామంది ఎగ్గొడతారు. ధర మార్చే అలవాటున్న ఓనరు దగ్గర మాత్రం ఎగ్గొట్టకండి. రిజిస్టరైన అగ్రిమెంటు ఈసీలో కనిపిస్తుంది, ఇంకొకరికి గుట్టుగా అమ్మడం కష్టమవుతుంది. దానికి ఓనరు ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయడమే నా సలహా. ఒరిజినల్స్ రెండోసారి అడిగినా చూపించకపోయినా అంతే. టోకెన్ ఇచ్చేశామే అని వెనకాడకండి, అందుకే టోకెన్ చిన్నది ఇమ్మని మూడో పాఠంలో చెప్పింది.

అభ్యాసం. ఇంట్లో ఒకరిని ఓనరుగా కూర్చోబెట్టండి. కాస్త నోరున్న అత్తగారో బావగారో అయితే మరీ మంచిది. "సగం క్యాష్ ఇస్తేనే" అన్నప్పుడు మీరేమంటారో, గొంతు పెంచకుండా నాలుగు వాక్యాల్లో చెప్పి చూడండి. తర్వాత ఈ మెసేజీని మీ వివరాలతో తిరగరాయండి:

"నమస్కారం సార్. నిన్న మనం అనుకున్న ప్రకారం ధర 72 లక్షలు, మొత్తం బ్యాంకు ద్వారానే. శనివారం ఉదయం మా లాయరు గారితో వచ్చి ఒరిజినల్స్ చూస్తాం. అవి సరిపోతే సోమవారం అగ్రిమెంటు, అప్పుడే అడ్వాన్సు. ఇందులో ఏదైనా మార్పుంటే దయచేసి రేపటిలోగా చెప్పండి."

కలిసి మాట్లాడుకున్న ప్రతిసారీ, ఇంటికొచ్చాక ఇలాంటిదొకటి పంపాలి. జవాబు రాకపోయినా పంపాలి.

వచ్చే పాఠంలో అగ్రిమెంటు డ్రాఫ్టును మొదటి లైను నుంచి చదువుదాం. తెలిసినవాళ్ల దగ్గర పాత అగ్రిమెంటు జిరాక్సు ఉంటే తెచ్చి పెట్టుకోండి. ఓనరు వెనక్కి తగ్గితే ఏం జరుగుతుందో అందులో రాశారా, లేక కొనేవాడు వెనక్కి తగ్గితే సంగతే రాసి వదిలేశారా అన్నది ముందుగా వెతికి గీత పెట్టండి.