రూగర్ 10/22 రైఫిల్‌కు కొత్త ట్రిగ్గర్, కొత్త బ్యారెల్: ఏది ముందు, ఎలా

1964లో అమెరికాలో విడుదలైన రూగర్ 10/22, పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటాలను వాడే సెమీ ఆటోమేటిక్ రైఫిల్. దీని ట్రిగ్గర్ భాగాన్ని రెండు అడ్డ పిన్నులు, బ్యారెల్‌ను రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి కనుక, యజమాని ఇంట్లోనే వీటిని మార్చుకోగలడు. అయితే రెండూ ఒకేసారి కొని బిగించడం సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. ముందు ట్రిగ్గర్ మార్చి, గురి ఎంత మెరుగుపడిందో కాగితం మీద చూసుకున్న తరువాతే బ్యారెల్ సంగతి ఆలోచించాలి.

పని మొదలుపెట్టే ముందు చట్టం తెలుసుకోవాలి. అమెరికాలో హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్న మన వాళ్లు చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపుల కిందకు వస్తే తప్ప, తుపాకీని దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు ఉన్నవారు, పౌరులు కూడా తమ రాష్ట్ర నిబంధనలు చూసుకోవాలి. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గకూడదు. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధాల మరమ్మతుకూ మార్పులకూ ప్రత్యేక లైసెన్సు కావాలి కాబట్టి, ఇక్కడి షూటర్లు ఈ పనిని లైసెన్సు ఉన్న నిపుణుడికే అప్పగించాలి.

మ్యాగజైన్ తీసి, బోల్ట్‌ను (తూటాను లోపలికి నెట్టి మూసే కదిలే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే చోటు) తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలను ఆ గదిలోనే ఉంచకూడదు. బ్యారెల్‌నూ స్టాక్‌నూ (రైఫిల్‌ను పట్టుకునే చెక్క భాగం) కలిపే పట్టీ ఉంటే తీసివేసి, మ్యాగజైన్ గూటికి ముందున్న స్క్రూను విప్పి, సేఫ్టీ బటన్‌ను సరిగ్గా మధ్యలో నిలిపి, బ్యారెల్ వైపు నుంచి పైకెత్తితే రైఫిల్ స్టాక్ నుంచి బయటికి వస్తుంది. బటన్ ఒక పక్కకు పొడుచుకుని ఉంటే స్టాక్ లోపలి అంచుకు తగులుతుంది. అప్పుడు బలవంతంగా లాగితే చెక్క చిట్లుతుంది.

రెండు పిన్నులను మొద్దు మొనగల ఊచతో నెట్టగానే ట్రిగ్గర్ భాగం మొత్తం కిందికి దిగుతుంది. అదే సమయంలో రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ భాగం ఇమిడి ఉండే గూడు) వెనుక భాగంలో ఉన్న బోల్ట్ స్టాప్ పిన్ను కూడా జారిపడవచ్చు కాబట్టి, బల్ల మీద లేత రంగు గుడ్డ పరచుకోవడం మంచిది. ఫ్యాక్టరీ ట్రిగ్గర్ సుమారు 6 పౌండ్ల లాగుడు కోరుతుంది. రూగర్ సంస్థే తయారుచేసే బీఎక్స్ ట్రిగ్గర్‌కు రెండున్నర నుంచి మూడు పౌండ్లు చాలు. ఇలా పూర్తిగా అమర్చి వచ్చే ట్రిగ్గర్‌నే కొనమని సలహా ఇస్తాను. పాత సియర్‌ను (ట్రిగ్గర్ లాగేవరకూ హ్యామర్‌ను పట్టి ఉంచే కొక్కెం) ఆకురాయితో అరగదీసి తేలిక చేయాలని చూస్తే, రైఫిల్ చేతికి తగిలినా పేలే స్థితికి రావచ్చు. కొత్త ట్రిగ్గర్‌ను, తూటాను పేల్చేందుకు కొట్టే సుత్తి లాంటి హ్యామర్ వెనక్కి వంగి ఉన్న స్థితిలోనే బిగించాలి. ట్రిగ్గర్ భాగం రైఫిల్ బయట ఉండగా ట్రిగ్గర్ లాగితే హ్యామర్ గూటికి కొట్టుకుని దెబ్బతింటుంది.

బిగించిన తరువాత ఖాళీ రైఫిల్‌తోనే పరీక్షించాలి. సేఫ్టీ వేసి గట్టిగా లాగినా హ్యామర్ పడకూడదు. సేఫ్టీ తీసినప్పుడు కూడా దానంతటది పడకూడదు. తరువాత ట్రిగ్గర్ లాగి, వేలు తీయకుండానే బోల్ట్‌ను ఒకసారి ఆడించి వదలాలి. ఆపై వేలు నెమ్మదిగా సడలిస్తే చిన్న టిక్కు వినిపించాలి. షూటింగ్ రేంజ్‌లో మొదట ఒక్క తూటాతో, తరువాత రెండింటితో కాల్చి చూడాలి. ఒక్క లాగుడుకు రెండు తూటాలు పేలితే వెంటనే ఆపి, ఖాళీ చేసి, నిపుణుడికి చూపించాలి.

ఇప్పుడు 50 గజాల దూరంలో, ఆసరా మీద నుంచి, మూడు నాలుగు రకాల తూటాలతో ఐదేసి గుండ్ల గుంపులు (కాగితం మీద దగ్గరగా పడే రంధ్రాలు) కాల్చి ఆ కాగితాలు దాచుకోవాలి. పాయింట్ 22 బ్యారెళ్లలో ఒకదానికి నప్పిన తూటా మరొకదానికి నప్పదు. చాలామంది బ్యారెల్ దోషమనుకునేది నిజానికి తూటా ఎంపిక దోషమే. నప్పిన తూటాతోనూ గుంపు చెదిరి ఉంటే అప్పుడు బ్యారెల్ మార్చాలి.

బయటి కొలత 0.920 అంగుళాలున్న బరువైన బ్యారెల్ మామూలు స్టాక్ గాడిలో పట్టదు, వెడల్పు గాడి ఉన్న స్టాక్ కూడా కావాలి. ఫ్యాక్టరీ గురి పరికరాలు పాత బ్యారెల్ మీదే ఉంటాయి కనుక స్కోప్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. రిసీవర్ ముందు భాగంలో ఉన్న రెండు స్క్రూలను అలెన్ కీతో విప్పి, వి-బ్లాక్‌ను (బ్యారెల్‌ను రిసీవర్‌కు బిగించి ఉంచే లోహపు ముక్క) తీసి, బోల్ట్‌ను కాస్త వెనక్కి పట్టుకుని బ్యారెల్‌ను ముందుకు లాగాలి. రంధ్రాన్ని తుడిచి, కొత్తదాన్ని చివరివరకూ నెట్టి, రెండు స్క్రూలనూ కొద్దికొద్దిగా, ఒకదాని తరువాత ఒకటి బిగించాలి. రిసీవర్ అల్యూమినియంతో చేసినది. అతిగా బిగిస్తే మరలు తెగుతాయి, బ్యారెల్ మూతి కిందికి వాలే అవకాశమూ ఉంది.

పోటీ స్థాయి బ్యారెళ్ల ఛాంబర్ ఇరుకుగా ఉంటుంది. సీసీఐ స్టింగర్ తూటా తొడుగు మామూలుకన్నా పొడవు కాబట్టి అలాంటి ఛాంబర్‌లో దాన్ని వాడకూడదు. కొత్త బ్యారెల్‌తో వచ్చిన సూచనల పత్రంలో ఏ తూటాలు వద్దన్నారో చదివిన తరువాతే తూటాల పెట్టె కొనాలి.