ఇల్లు సరెండర్ చేశాం కదా, హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ళ ఓనర్ల సంఘం) బిల్లు ఇంకా మా పేరుకే ఎందుకొస్తోంది?

సమస్య: అమెరికాలో చాప్టర్ 7 బ్యాంక్‌రప్ట్సీ (అప్పులు తీర్చలేక కోర్టులో వేసే దివాలా కేసు) వేశారు. ఇల్లు సరెండర్ చేస్తున్నామని ఫారంలో టిక్ పెట్టి, తాళంచెవులు కిచెన్ కౌంటర్ మీద వదిలేసి అపార్ట్‌మెంట్‌కి మారిపోయారు. డిశ్చార్జ్ (ఇక ఆ అప్పులు కట్టక్కర్లేదనే కోర్టు ఆర్డర్) కూడా వచ్చింది, హమ్మయ్య అనుకున్నారు. ఏడెనిమిది నెలలకి ఒక కవరు. తెరిస్తే హెచ్‌ఓఏ నెలవారీ బాకీలు, లేట్ ఫీజులు, వాళ్ళ లాయరు ఫీజు, దాంతోపాటు పెరిగిపోయిన గడ్డి ఫోటో, అందులో వెనకాల మీ గరాజ్ తలుపు.

కారణం: సరెండర్ అంటే ఇల్లు బ్యాంకుకి రాసిచ్చేయడం కాదు, "మీరు తీసుకుంటానంటే నేను అడ్డురాను" అని చెప్పడం, అంతే. బ్యాంకు వెంటనే తీసుకోవాలని రూలేమీ లేదు. ఫోర్‌క్లోజర్ వేలం (అప్పు కట్టనందుకు ఇంటిని వేలం వేయడం) అయ్యి డీడ్ (ఇంటి హక్కు పత్రం) మారేదాకా కౌంటీ రికార్డులో ఓనరు మీరే. టెక్సస్‌లో ఈ వేలాలు నెలలో మొదటి మంగళవారం జరుగుతాయి కాబట్టి బ్యాంకు తలుచుకుంటే త్వరగానే తేలుతుంది, న్యూజెర్సీలో కోర్టు ద్వారా వెళ్ళాలి, ఏళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు.

ముందు బిల్లు మీద తేదీలు చూడండి, అసలు కీలకం అక్కడే ఉంది. కేసు వేసిన రోజుకి ముందున్న హెచ్‌ఓఏ బాకీ డిశ్చార్జ్‌లో పోతుంది (ఇంటి మీద వాళ్ళకున్న లీన్, అంటే బాకీ కింద ఇంటిని పట్టుకునే హక్కు, మాత్రం అలాగే ఉండొచ్చు). ఆ రోజు తర్వాత పడ్డది, ఇల్లు మీ పేరున ఉన్నంతకాలం, మీదే. మీరు అందులో ఉన్నారా లేదా అన్నది లెక్కలోకి రాదు, 2005లో మారిన చట్టం అలా ఉంది. పాత బాకీ కూడా కలిపి పంపితే కేసు నంబరు, డిశ్చార్జ్ ఆర్డర్ కాపీ పెట్టి ఆ భాగం తీసేయమని రాయండి. చాప్టర్ 13 (వాయిదాల్లో అప్పు తీర్చే రకం దివాలా) అయితే కోర్టులు తలో మాట చెప్పాయి, మీ లాయర్నే అడగండి.

పరిష్కారం: ఇంకా ఖాళీ చేయకపోతే తొందరపడకండి. మనవాళ్ళు చాలామంది నోటీసు తలుపు మీద అంటిస్తే పక్కింటి తెలుగువాళ్ళు చూస్తారన్న సిగ్గుతోనే ముందే వెళ్ళిపోతారు, అక్కడ అద్దె, ఇక్కడ హెచ్‌ఓఏ రెండూ కడతారు. వేలం అయ్యేదాకా ఉండి, హెచ్‌ఓఏ కట్టుకుంటూ, గడ్డి కోయించుకుంటే మిగిలేది మీకే.

ఇన్సూరెన్స్ ఆపకండి. మీరు ఆపితే బ్యాంకు తనే ఒక పాలసీ పెడుతుంది, అది బ్యాంకు డబ్బుని కాపాడటానికి. మంచు మీద ఎవరైనా జారిపడి దావా వేస్తే మీకు ఒరిగేదేమీ ఉండదు. ఇల్లు ఖాళీగా ఉందంటే మీ పాలసీ కూడా పనిచేయకపోవచ్చు, ఏజెంటుకి చెప్పండి. చలికాలం నీళ్ళ మెయిన్ కట్టేయండి.

ప్రాపర్టీ ట్యాక్స్ మామూలుగా బ్యాంకే కట్టేస్తుంది, లేకపోతే కౌంటీ లీన్ బ్యాంకు లీన్ కంటే ముందుకొస్తుంది. కానీ టెక్సస్‌లో జనవరి 1న ఎవరు ఓనరో ఆ ఏడాది ట్యాక్స్ వాళ్ళ సొంత బాధ్యత, కాబట్టి కట్టారో లేదో కౌంటీ సైట్‌లో చూసుకోండి.

బ్యాంకు కదలకపోతే షార్ట్ సేల్ (బ్యాంకు ఒప్పుకోలుతో బాకీ కంటే తక్కువకి అమ్మడం) గానీ, డీడ్ ఇన్ ల్యూ (వేలం లేకుండా ఇంటిని నేరుగా బ్యాంకుకి రాసివ్వడం) గానీ లాయరు ద్వారా అడగండి. మనమే క్విట్‌క్లెయిమ్ డీడ్ (మన హక్కు వదులుకుంటున్నామనే పత్రం) బ్యాంకు పేరున రాసి పడేద్దాం అని కొందరు సలహా ఇస్తారు. అవతలివాళ్ళు పుచ్చుకోనిదే అది చెల్లదు, అనవసరపు ఖర్చు.

వేలం అయిందని ఎవరో చెప్పారని ఆగిపోకండి. కౌంటీ రికార్డుల్లో మీ పేరు కొట్టి, కొత్త డీడ్ రికార్డయిందని కళ్ళారా చూసి, దాని కాపీ హెచ్‌ఓఏకి, సిటీకి పంపించాకే ఇన్సూరెన్స్ క్యాన్సిల్ చేయండి.