కొండ ఊరి వాతావరణం చదవడం, 3వ పాఠం: ఊటీ పట్టికలో రెండు గీతలు

కోయంబత్తూరు సగటు ఉష్ణోగ్రత నుంచి కొండమీది ఊటీ సగటును అంచనా వెయ్యమని పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క చేశారా? కోయంబత్తూరు సముద్రమట్టానికి సుమారు 410 మీటర్ల ఎత్తున ఉంది. ఊటీ దాదాపు 2,240 మీటర్లు. తేడా 1,830 మీటర్లు. కిలోమీటరు ఎత్తు పెరిగితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని చెప్పుకున్నాం కాబట్టి ఇక్కడ 12 డిగ్రీలు తీసెయ్యాలి. కోయంబత్తూరు ఏడాది సగటు 26, 27 డిగ్రీల మధ్య ఉంటుంది. అంటే ఊటీకి 14, 15 రావాలి. వస్తుంది కూడా. ఎన్నిసార్లు చేసినా ఈ లెక్క కుదిరినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

అయితే ఆ ఒక్క అంకెను నమ్ముకుని బట్టలు సర్దుకుంటే ఊటీలో ఇబ్బంది పడతాం. అందుకే ఈ పాఠంలో సగటును పక్కన పెట్టి, గరిష్ఠం, కనిష్ఠం అనే రెండు గీతలు గీసి చదవడం నేర్చుకుందాం.

ఒక గ్రాఫ్ పేపర్ తీసుకోండి. అడ్డంగా నెలలు, నిలువుగా డిగ్రీలు. పన్నెండు నెలలూ అక్కర్లేదు, నాలుగు చాలు. జనవరిలో గరిష్ఠం సుమారు 20, కనిష్ఠం 6. ఏప్రిల్‌లో 23, 11. జులైలో 17, 11. అక్టోబరులో 19, 10. పై చుక్కలన్నీ ఒక గీతతో, కింది చుక్కలన్నీ ఇంకో గీతతో కలపండి.

ఇక్కడ కొత్తవాళ్లు తరచూ పొరబడే విషయం ఒకటుంది. పట్టికలో జనవరి కనిష్ఠం 6 అని ఉంటే, అంతకంటే కిందికి దిగదని కాదు. ఆ నెలలో ప్రతి తెల్లవారుజామునా నమోదైన కనిష్ఠాలన్నిటినీ, అదీ ముప్పయ్యేళ్లవి, కలిపి తీసిన సగటు అది. సగటు 6 అంటే 9 ఉన్న రోజులూ ఉంటాయి, 2 ఉన్న రోజులూ ఉంటాయి.

ఇప్పుడు గీతల ఎత్తు చూడకండి, వాటి మధ్య ఖాళీ చూడండి. జనవరిలో 14 డిగ్రీలు. జులైలో ఆరే. ఈ ఖాళీయే ఊటీ కథంతా చెబుతుంది. గరిష్ఠం, కనిష్ఠం కలిపి రెండుతో భాగిస్తే జనవరికి 13, ఏప్రిల్‌కు 17 వస్తాయి. ఏడాది మొత్తంలో అన్నిటికంటే చల్లని నెలకూ వెచ్చని నెలకూ మధ్య ఉన్న తేడా ఇంచుమించు నాలుగు డిగ్రీలే. జనవరిలో మాత్రం ఒక్క రోజులోనే, తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య, దానికి మూడు రెట్లకు పైగా తేడా. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కొండ ఊళ్లన్నిటికీ ఉండే లక్షణమే ఇది. వీటిలో ఋతువుల తేడా కంటే పగటికీ రాత్రికీ ఉన్న తేడాయే పెద్దది.

ఖాళీ అలా ఎందుకు మారుతోంది? మబ్బు వల్ల. జనవరిలో ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటుంది. పగలు ఎండ నేరుగా నేలను తాకుతుంది. రాత్రి నేల వేడిని ఆపేదేమీ ఉండదు, అది పైకి పోతుంది. జులైలో నైరుతి రుతుపవనాల మబ్బు కొండలమీద కూర్చుని ఉంటుంది. పగలు ఎండను రానివ్వదు, రాత్రి వేడిని పోనివ్వదు. దుప్పటి అన్నమాట. అందుకే పై గీత కిందికి వంగుతుంది, కింది గీత మాత్రం దిగదు.

దీనికి నాకు బాగా నచ్చిన రుజువు ఒకటుంది. ఊటీ సుమారు 11.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఒకసారి ఏప్రిల్ 20 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 23 ప్రాంతంలో. సూర్యుడు అదే సూర్యుడు, ఎత్తూ అదే. ఏప్రిల్‌లో గరిష్ఠం 23 దాకా వెళ్తే ఆగస్టులో 17, 18 దగ్గరే ఆగిపోతుంది. ఆ ఐదారు డిగ్రీలను చాలావరకు మింగింది మబ్బే. ఈ ఒక్క పోలిక అర్థమైతే పాఠంలో ముప్పావు భాగం వచ్చేసినట్టే.

కింది గీత గురించి ఇంకో మాట. జనవరిలో ఒకసారి తెల్లవారుజామున ఊటీ దగ్గర తలైకుందా వైపు వెళ్లాను. లోయలో గడ్డి తెల్లగా ఉంది. వంగి చూస్తే ప్రతి గడ్డిపోచ అంచునా ఉప్పురవ్వలాంటి పలుకులు. వేలితో ముడితే కరిగి తడి అయింది. అడుగు వేస్తే కాలికింద కరకరమంది. పక్కనే కాస్త ఎత్తున, గట్టుమీది గడ్డికి మాత్రం మంచు లేదు. చల్లగాలి బరువు కాబట్టి నీళ్లలాగే పల్లానికి జారి లోయలో నిలిచిపోతుంది. పైగా వాతావరణ కేంద్రంలో థర్మామీటరు నేలమీద ఉండదు, మనిషి ఛాతీ ఎత్తున, గాలాడే తెల్లటి చెక్కపెట్టెలో ఉంటుంది. అక్కడ 3, 4 డిగ్రీలు చూపిస్తున్న రాత్రి కూడా గడ్డి ఆకు సున్నాకు దిగి గడ్డకట్టొచ్చు. తేయాకు చిగుళ్లు మాడి నల్లబడేది ఇలాంటి రాత్రుల్లోనే. కాబట్టి పట్టికలో సున్నా లేదు కదా అని మంచు పడదనుకోవద్దు. కనిష్ఠం 6 కంటే తక్కువ ఉండి, ఆకాశం తేటగా, గాలి స్తబ్దుగా ఉంటే లోతట్టులో గడ్డకట్టే అవకాశం ఉందని చదువుకోండి.

ఇక బట్టల సంగతి. జనవరిలో పొరలు పొరలుగా వేసుకోవాలి, ఎందుకంటే ఉదయం స్వెటర్ మీద స్వెటర్ వేసుకున్నవాళ్లు మధ్యాహ్నం ఎండలో చొక్కాతో తిరుగుతారు. జులైలో ఒక్క మందపాటి స్వెటర్, ఒక రెయిన్‌కోట్ చాలు. రోజంతా ఒకేలా ఉంటుంది, తడి చలి. అంకెల్లో జులై కనిష్ఠం జనవరి కంటే ఐదు డిగ్రీలు ఎక్కువే అయినా పగటిపూట చలి జులైలోనే ఎక్కువ అనిపిస్తుంది. ఎండ ఉండదు కదా.

ఈసారి అభ్యాసం: మీ ఊరి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు గరిష్ఠ, కనిష్ఠాలు తీసుకుని ఇదే కాగితం మీద వేరే రంగుతో గీయండి. ఖాళీ ఏ నెలలో ఎక్కువ, ఏ నెలలో తక్కువ ఉందో రాసి, ఆ నెలల్లో మీ ఊరి ఆకాశం ఎలా ఉంటుందో పక్కన ఒక్క వాక్యం రాయండి.

నాలుగో పాఠంలో వాన. ఊటీకి నైరుతి వైపున్న అవలాంచిలో 2019 ఆగస్టు 8 ఉదయానికి 24 గంటల్లో 82 సెంటీమీటర్ల వాన నమోదైంది. తూర్పు వాలున ఉన్న కూనూరు మాత్రం ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే తడుస్తుంది. ఒకే కొండలకు రెండు వానాకాలాలు ఎలా వచ్చాయో చూడటానికి గ్రాఫ్ పేపర్‌తో పాటు నీలగిరుల మ్యాపు కూడా దగ్గర పెట్టుకోండి.