పవర్ సప్లైని పరీక్షించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

డెస్క్‌టాప్ కంప్యూటర్ దానంతటదే ఆగిపోతున్నా, పదేపదే రీస్టార్ట్ అవుతున్నా పవర్ సప్లైని, అంటే గోడ సాకెట్ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్లు మార్చి అందించే పెట్టెను, అనుమానించడం సహజమే. అయితే పరీక్షకు దిగే ముందు, కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుండగానే, ముఖ్యమైన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. గోడ సాకెట్‌నూ పవర్ కేబుల్‌నూ మార్చి చూడండి. లోపం అక్కడే ఉండవచ్చు.

కేసు తెరిచే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. దాని లోపలి పెద్ద కెపాసిటర్లలో (విద్యుత్తును నిల్వ ఉంచే భాగాల్లో) 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు ప్లగ్ తీసిన తర్వాత కూడా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాలకే ప్రమాదం. కాలిన వాసన గానీ పొగ గానీ వచ్చి ఉంటే దాన్ని మళ్లీ ఆన్ చేయకుండా నేరుగా మార్చేయడమే సరైన పని.

కొలిచేందుకు మళ్లీ ప్లగ్ పెట్టి కంప్యూటర్‌ను ఆన్ చేశాక, మల్టీమీటర్‌ను (వోల్టేజీ కొలిచే పరికరాన్ని) డీసీ వోల్టేజీకి పెట్టి, దాని ప్రోబు (కొలిచే కడ్డీ) మొన పక్క పిన్నుకు తగలకుండా కొలవండి. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టుల లైను 4.75 నుంచి 5.25 వరకు ఉండవచ్చు. పని భారం లేనప్పుడు సరిగా కనిపించిన వోల్టేజీ భారం పెరిగినప్పుడు పడిపోవచ్చు కనుక ఒక్క కొలతతో నిర్ణయానికి రాకండి.

మరో మాడ్యులర్ (కేబుళ్లను విడిగా తీసి పెట్టుకోగల) పవర్ సప్లైని బిగించి చూసేటట్లయితే పాత కేబుళ్లను వాడకండి. కనెక్టర్ సరిగ్గా పట్టినా పిన్నుల అమరిక వేరై డ్రైవులు కాలిపోవచ్చు.