సైకిల్ రిపేరు నేర్పేటప్పుడు పంక్చర్‌తో మొదలుపెట్టండి

చదువు మధ్యలో ఆగిన పిల్లలకు ఈ పని వస్తే నాలుగు డబ్బులు సంపాదించుకోగలరు. ఆడపిల్లలనూ చేర్చుకోండి. ఇద్దరికో పాత సైకిల్ ఇచ్చి వాళ్ల చేతే విప్పించండి, చూపిస్తే చాలదు.

ట్యూబుకు గాలి కొట్టి నీళ్లలో ముంచి, బుడగలొచ్చే చోట గుర్తు పెట్టించండి. తుడిచి ఆరాక, ప్యాచ్ కంటే కాస్త వెడల్పుగా గరుకు కాగితంతో రుద్దాలి. సొల్యూషన్ (ప్యాచ్ అంటించే జిగురు) పల్చగా రాసి, తడి మెరుపు పోయేదాకా ఆగాలి. పిల్లలు తొందరపడేది ఇక్కడే. తడి మీద అంటిస్తే అంచులు లేచిపోతాయి. ఆరాక ప్యాచ్ అంటించి, మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కించండి.

టైరు లోపల గుడ్డతో తడమాలి, వేళ్లతో వద్దు. ముల్లు ఉండిపోతే ట్యూబు మళ్లీ పోతుంది. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై రిమ్ముకు నొక్కుకుందన్నమాట. చిల్లు రిమ్ము వైపుంటే ఊచ మొన పొడుచుకొచ్చిందేమో, దాన్ని కప్పే రిమ్ము టేపు జరిగిందేమో చూడండి.

బ్రేకులు సరిచూశాక, బిగించినవాళ్లే తొక్కి చూడాలి.