జీను బిగించే ముందు
మొదట పొట్ట పట్టీని చూడండి. జీనును గుర్రం మీద నిలిపేది అదే. కుట్లను రెండు వైపులా గట్టిగా లాగండి; ఒక్క దారం తెగినా ఆ రోజు స్వారీ వద్దు. బకిల్ దగ్గర తోలును మడిస్తే సన్నని పగుళ్లు బయటపడతాయి. అవి లోతుగా ఉంటే నూనె రాసి సరిపెట్టుకోకండి, పట్టీ మార్చాల్సిందే.

పాదాలు పెట్టే రికాబులను వేలాడదీసే తోలు పట్టీల రంధ్రాలు సాగాయా? రెండూ కలిపే మార్చండి.

కళింగపట్నం తీరానికి వెళ్లి వస్తే లోహపు భాగాలను మంచినీటితో కడిగి ఆరబెట్టండి. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. నోటిలోని కళ్లెపు కడ్డీ వేలికి గరుకుగా తగిలితే వాడవద్దు. నోరు కోసుకుపోయినా ఆ మూగజీవి చెప్పుకోలేదు.

హెల్మెట్‌కు గట్టి దెబ్బ తగిలితే, పైకి బాగున్నా కొత్తది కొనండి. లోపలి పొర అప్పటికే నలిగి ఉంటుంది.