ఆటలో ల్యాగ్ ఎక్కడ పుడుతోందో కనిపెట్టే పద్ధతి: గోదావరి డెల్టా ఇళ్లకు

ఆన్‌లైన్ ఆట ఆగి ఆగి నడుస్తుంటే చాలామంది వెంటనే 50 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 100 ఎంబీపీఎస్‌కు మారతారు. నా దృష్టిలో అది అన్నిటికంటే చివర చేయవలసిన పని. ఆట నడిచేటప్పుడు వెళ్లివచ్చే డేటా చాలా స్వల్పం, సాధారణంగా ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. ఆ కాస్త డేటా ఆలస్యం లేకుండా, దారిలో పోకుండా, ఒకే తీరుగా అందడమే ముఖ్యం. ఆలస్యాన్ని పింగ్ అనీ, అది క్షణక్షణానికీ మారడాన్ని జిట్టర్ అనీ, డేటా దారిలో తప్పిపోవడాన్ని ప్యాకెట్ లాస్ అనీ అంటారు. స్పీడ్ టెస్టులో పెద్ద అంకె వచ్చినా ఈ మూడూ చెడి ఉండవచ్చు.

ముందుగా లోపం ఇంట్లో ఉందో, బయట ఉందో తేల్చుకోవాలి. కంప్యూటర్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్ విండోలు తెరిచి, ఒకదానిలో రౌటర్ అడ్రస్‌కు (చాలా రౌటర్లకు 192.168.1.1; కాకపోతే రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది), రెండోదానిలో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు ఆగకుండా పింగ్ నడిపి (ping -t అని కొట్టి, పక్కన అడ్రస్ ఇవ్వాలి), ఆ పక్కనే పది నిమిషాలు ఆట ఆడండి. రౌటర్ నుంచి వచ్చే జవాబే 2 మిల్లీసెకన్ల నుంచి 150కి ఎగిరిపడుతుంటే తప్పు మీ వైఫైది. అది నిలకడగా ఉండి రెండోది మాత్రమే ఊగుతుంటే వైఫైని వదిలేసి లైను సంగతి చూడాలి.

మన వైపు ఫైబర్ వైరు వీధి కిటికీలోంచి ముందు హాల్లోకి వస్తుంది కనుక రౌటర్ అక్కడే ఉండిపోతుంది. ఆడే గది మేడ మీద ఉంటుంది. పాత మండువా లోగిళ్ల మందపాటి గోడలూ, స్లాబులోని ఇనుమూ సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది కాబట్టి మేడ మీదికి ఒకటి లాగించుకోవడమే అన్నిటికన్నా మేలైన మార్గం. కుదరకపోతే రౌటర్‌ను ఆడే గదికి దగ్గరగా మార్పించి 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడండి. 2.4 గిగాహెర్ట్జ్ తప్పనిసరైతే, భీమవరం, అమలాపురం వంటి చోట్ల ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అందులోనే ఉంటాయి కనుక 1, 6, 11 ఛానెళ్లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి.

వైఫై బాగుంటే, ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తున్నప్పుడు 8.8.8.8 పింగ్ గమనించండి. 30 ఉన్నది 300 అయితే, లాకుల దగ్గర పడవలు బారులు తీరినట్టు మీ ఆట డేటా ఆ అప్‌లోడ్ వెనక నిలబడిపోతోందన్నమాట. రౌటర్ సెట్టింగుల్లో (బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొడితే తెరుచుకునే పేజీ) క్యూఓఎస్, అంటే ఏ డేటాకు ముందు దారి ఇవ్వాలో చెప్పే సదుపాయం ఉంటే, అప్‌లోడ్ పరిమితిని మీకు నిజంగా వస్తున్న వేగంలో 85 శాతానికి కుదించండి.

ఇక ఫైబర్. రౌటర్ మీద LOS అని ఇంగ్లీషు అక్షరాలు ఉన్న లైటు ఎర్రగా వెలిగితే లైను తెగినట్టో, సిగ్నల్ బాగా పడిపోయినట్టో లెక్క. వెలగకపోయినా రౌటర్ పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (ఫైబర్‌లోంచి అందుతున్న కాంతి బలం, డీబీఎంలలో ఉంటుంది) చూడండి. మైనస్ 27 డీబీఎం దరిదాపుల్లో ఉంటే సిగ్నల్ బలహీనమే. మన ఊళ్లలో ఈ వైరు కరెంటు స్తంభాల మీదుగా, కొబ్బరి చెట్ల మధ్యగా వస్తుంది. మట్ట పడి లాగేసినా, కిటికీ దగ్గర బాగా వంగినా లోపలి కాంతి బయటకు పోతుంది. గాలి వీచిన రోజున ఈ అంకె మారుతుంటే అనుమానం బలపడినట్టే. విప్పిన వైరు కొసలోకి మాత్రం ఎప్పుడూ చూడకండి, అందులోని లేజర్ కంటికి కనబడదు గానీ హాని చేయగలదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు రౌటర్ రీస్టార్ట్ అవుతుంటే, అడాప్టర్ మీది వోల్టేజీకీ ఆంపియర్లకూ సరిపోయే మినీ యూపీఎస్ తెచ్చుకోండి.

ఆటలో సర్వర్ ఎంచుకునే వీలుంటే, సింగపూర్ బదులు ముంబయి పెట్టండి. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. ముంబయి మనకు నేరుగా సుమారు 1000 కిలోమీటర్లు కనుక, రానూపోనూ 10 మిల్లీసెకన్లు ఏ ప్లాన్‌తోనూ తగ్గవు.

ఇవన్నీ సరిగా ఉండి, పొద్దున బాగా నడిచి రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే చెడుతుంటే ఆపరేటర్ వైపు రద్దీ ఉన్నట్టు. ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ స్లో" అనకుండా, టైము కనిపించే రెండు పింగ్ స్క్రీన్‌షాట్లూ, డీబీఎం అంకెనూ పంపి, రౌటర్ రీస్టార్ట్ చేయడంతో సరిపెట్టకుండా స్తంభం మీది జాయింటు చూడమని అడగండి.